నవంబర్ 26: లా డే నుంచి రాజ్యాంగ దినోత్సవం దాకా.. ఈ రోజు వల్ల సామాన్యుడికి దక్కేదేంటి?

ఏటా నవంబర్ 26 రాగానే ఆఫీసుల్లో ఉద్యోగులు, బడుల్లో పిల్లలు వరుసగా నిలబడి రాజ్యాంగ పీఠిక చదువుతారు. కోర్టుల్లో సభలు పెడతారు. వాట్సాప్ స్టేటస్‌ల నిండా అంబేడ్కర్ ఫొటోలే. మర్నాడు మళ్లీ మామూలే.

మరి ఇలాంటి ఒక రోజును ప్రభుత్వం అధికారికంగా ప్రకటించడం వల్ల ఏమైనా మారుతుందా? దీనికి సూటి జవాబు 2022లో దొరికింది. ఆ ఏడాది నవంబర్ 26న సుప్రీంకోర్టు కార్యక్రమంలో రాష్ట్రపతి మాట్లాడిన మాటలు, మూడు రోజులు తిరక్కుండానే కోర్టు ఉత్తర్వుల్లోకి వచ్చాయి. బెయిల్ వచ్చినా జామీను కట్టలేక జైల్లోనే ఉండిపోయిన వందల మంది బయటికి రాగలిగారు.

ఇంతకీ ఈ రోజు ఎలా పుట్టింది? ఎవరు పెట్టారు? మనకు ఎలా పనికొస్తుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక్క చూపులో..

- 1949 నవంబర్ 26: రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించిన రోజు.
- 1979: సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ చొరవతో ఈ తేదీని ‘లా డే’గా జరపడం మొదలైంది.
- 2015 నవంబర్ 19: కేంద్రం గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చింది. పేరు ‘సంవిధాన్ దివస్’, అంటే రాజ్యాంగ దినోత్సవం.
- ఇది సెలవు రోజు కాదు.
- దీనికి తోడుగా నవంబర్ 9న జాతీయ న్యాయ సేవల దినోత్సవం జరుగుతుంది.
- ఉచిత న్యాయ సహాయం కోసం దేశమంతా ఒకటే నంబర్: 15100.

నవంబర్ 26నే ఎందుకు?

చాలా మందికి జనవరి 26 గుర్తుంటుంది కానీ నవంబర్ 26 గుర్తుండదు. రెండూ రాజ్యాంగానికి సంబంధించినవే. తేడా ఏంటంటే, నవంబర్ 26న ఆమోదించారు, జనవరి 26 నుంచి అమలు చేశారు.

రాజ్యాంగ సభ మొదటి సమావేశం 1946 డిసెంబర్ 9న జరిగింది. రెండు రోజుల తర్వాత డాక్టర్ రాజేంద్ర ప్రసాద్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. 1947 ఆగస్టు 29న డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ అధ్యక్షుడిగా ముసాయిదా కమిటీ వేశారు. మొత్తం పని పూర్తయ్యేసరికి 2 ఏళ్ల 11 నెలల 18 రోజులు పట్టింది. 11 విడతల్లో 165 రోజులు సభ కూర్చుంది. ముసాయిదా మీద 7,635 సవరణలు వస్తే, వాటిలో 2,473 సవరణలు సభలో చర్చకు వచ్చాయి.

ఆమోదం పొందిన రోజున రాజ్యాంగంలో 395 ఆర్టికల్స్, 22 భాగాలు, 8 షెడ్యూళ్లు ఉన్నాయి. పౌరసత్వం, ఎన్నికల కమిషన్ లాంటి కొన్ని ఆర్టికల్స్ అదే రోజు అమల్లోకి వచ్చాయి. మిగతా వాటి కోసం రెండు నెలలు ఆగారు. 1930 జనవరి 26న కాంగ్రెస్ పూర్ణ స్వరాజ్ దినం జరిపింది కాబట్టి, ఆ తేదీని గుర్తుచేసుకుంటూ 1950 జనవరి 26ను అమలు తేదీగా ఎంచుకున్నారు. దానికి రెండు రోజుల ముందు, అంటే 1950 జనవరి 24న, 284 మంది సభ్యులు ప్రతుల మీద సంతకాలు పెట్టారు.

ఆమోదానికి ముందు రోజు అంబేడ్కర్ చేసిన ప్రసంగం ఇప్పటికీ చర్చకు వస్తూనే ఉంటుంది. రాజ్యాంగం ఎంత మంచిదైనా దాన్ని నడిపేవాళ్లు మంచివాళ్లు కాకపోతే అది చెడ్డదిగానే తేలుతుందని ఆయన హెచ్చరించారు. ఓటులో అందరూ సమానమే కానీ, బతుకులో మాత్రం అసమానతలు అలాగే ఉన్నాయని, ఈ వైరుధ్యాన్ని ఎక్కువ కాలం సాగనిస్తే ప్రజాస్వామ్యానికే ముప్పని చెప్పారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. కింద చెప్పబోయే జైళ్ల సంగతికి దీనికి నేరుగా సంబంధం ఉంది.

రాజ్యాంగ రచనలో మనవాళ్లు

ముసాయిదా కమిటీలో తెలుగు నేలతో సంబంధం ఉన్న ఇద్దరు కనిపిస్తారు. ఒకరు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. నెల్లూరు జిల్లాలో పుట్టి, మద్రాసులో పేరు మోసిన లాయర్ అయ్యారు. మద్రాస్ అడ్వకేట్ జనరల్‌గా 1929 నుంచి 1944 దాకా పనిచేశారు. కమిటీలో తనకంటే సమర్థులు ఉన్నారంటూ అంబేడ్కర్ తన చివరి ప్రసంగంలో పేరు పెట్టి చెప్పింది ఈయన గురించే. రెండో వ్యక్తి మచిలీపట్నంలో పుట్టిన ఎన్. మాధవరావు. మైసూరు దివాన్‌గా చేసిన ఆయన, బీఎల్ మిట్టర్ ఖాళీ చేసిన స్థానంలో కమిటీలోకి వచ్చారు.

సభలో టంగుటూరి ప్రకాశం, పట్టాభి సీతారామయ్య, ఎన్జీ రంగా, నీలం సంజీవరెడ్డి లాంటి నేతలు ఉన్నారు. మొత్తం 15 మంది మహిళా సభ్యుల్లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఒకరు. పెళ్లయ్యాక దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా మనకు తెలిసిన ఆవిడే. రాజ్యసభకు పోటీ చేయడానికి 35 ఏళ్లు నిండాలని ముసాయిదాలో ఉంటే, దాన్ని 30కి తగ్గించాలని సవరణ పెట్టి నెగ్గించారు. అంతే కాదు, 1953లో చైనా వెళ్లొచ్చాక, కుటుంబ తగాదాలకు విడిగా కోర్టులు ఉండాలని గట్టిగా అడిగినవాళ్లలో ఆవిడ ముందున్నారు. దేశంలో ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆవిడ మన మధ్య లేరు.

హైదరాబాద్ సంస్థానం నుంచి మాత్రం ఎవరూ రాజ్యాంగ సభకు వెళ్లలేదు. ఆ సీట్లు ఖాళీగానే మిగిలాయి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ తర్వాత 1949 నవంబర్ 23న, అంటే రాజ్యాంగం ఆమోదానికి మూడు రోజుల ముందు, భారత రాజ్యాంగమే హైదరాబాద్‌కూ రాజ్యాంగమని నిజాం ఫర్మానా జారీ చేశారు.

1979: లాయర్లు పెట్టిన రోజు

రాజ్యాంగం ఆమోదం పొందిన తర్వాత 30 ఏళ్ల వరకు నవంబర్ 26 క్యాలెండర్‌లో మామూలు రోజే. 1979లో డాక్టర్ ఎల్ఎం సింఘ్వీ నాయకత్వంలో సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ ఈ తేదీని ‘లా డే’గా జరపాలని నిర్ణయించింది. అప్పటి నుంచి కోర్టుల్లో, లా కాలేజీల్లో ఏటా సభలు జరిగేవి. ప్రధాన న్యాయమూర్తి, న్యాయమూర్తులు, సీనియర్ లాయర్లు ఒకే వేదిక మీద కూర్చుని కోర్టుల పనితీరు గురించి మాట్లాడుకునే రోజది.

సరిగ్గా అదే 1979లో ఇంకో పెద్ద విషయం జరిగింది. బిహార్ జైళ్లలో విచారణ కూడా మొదలవకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్న ఖైదీల గురించి పేపర్లో కథనాలు వచ్చాయి. వాటి ఆధారంగా పుష్పా కపిలా హింగోరాణీ అనే లాయర్ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం జైల్లో గడిపినవాళ్లు అందులో బయటపడ్డారు.

త్వరగా విచారణ జరగడం ఆర్టికల్ 21 కింద ప్రాథమిక హక్కేనని, లాయర్‌ను పెట్టుకోలేని పేదవాడికి ప్రభుత్వమే ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలని కోర్టు తేల్చింది. ఆ కేసు దెబ్బకు వేల మంది విచారణ ఖైదీలకు విముక్తి దొరికింది.

ఒకే ఏడాదిలో చట్టాన్ని గౌరవించే రోజు పుట్టింది, చట్టం ఎవరికి అందడం లేదో కూడా తెలిసొచ్చింది. ఈ రెండూ కలిసినప్పుడే నవంబర్ 26కి అర్థం ఉంటుంది. విడిపోతే మిగిలేది దండలు, ప్రసంగాలే.

అమెరికాలోనూ ఇదే దారి

లాయర్ల సంఘం మొదలుపెట్టిన రోజును తర్వాత ప్రభుత్వం తన రోజుగా చేసుకోవడం మన దగ్గరే జరిగింది కాదు. అమెరికాలో ఏటా మే 1న ‘లా డే’ జరుపుతారు. 1957లో అమెరికన్ బార్ అసోసియేషన్ అధ్యక్షుడు చార్లెస్ రైన్ ఈ ఆలోచన తెచ్చారు. 1958లో అధ్యక్షుడు ఐసన్‌హోవర్ అధికారికంగా ప్రకటించారు. 1961లో అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసి తేదీని ఖాయం చేసింది.

మే 1నే ఎందుకంటే, అది కమ్యూనిస్టు దేశాల్లో మే డే పెరేడ్లు జరిగే రోజు. కోల్డ్ వార్ రోజులు కదా.. అక్కడ ఆయుధాల ఊరేగింపులు జరుగుతుంటే మేం చట్టబద్ధ పాలనను గౌరవిస్తున్నాం అని చెప్పుకోవడం వాళ్ల ఉద్దేశం. ఏ రోజు పెట్టారన్న దాని వెనక రాజకీయం కూడా ఉంటుందనడానికి ఇదో ఉదాహరణ.

2015: ప్రభుత్వం రోజుగా ఎలా మారింది?

2015 అంబేడ్కర్ 125వ జయంతి సంవత్సరం. ఆ ఏడాది అక్టోబర్ 11న ముంబైలోని ఇందూ మిల్స్ స్థలంలో అంబేడ్కర్ స్మారకానికి శంకుస్థాపన చేస్తూ ప్రధాని నరేంద్ర మోదీ, నవంబర్ 26ను రాజ్యాంగ దినోత్సవంగా జరుపుతామని చెప్పారు. నవంబర్ 19న సామాజిక న్యాయం, సాధికారత శాఖ గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ నవంబర్ 26, 27 తేదీల్లో పార్లమెంటులో రాజ్యాంగం మీద ప్రత్యేక చర్చ కూడా జరిగింది.

అయితే పీఠిక చదివించే అలవాటు దిల్లీలో పుట్టింది కాదు. కేంద్రం ప్రకటనకు చాలా ముందే మహారాష్ట్రలోని నాగ్‌పూర్ జిల్లాలో బడి పిల్లలతో పీఠిక చదివించడం మొదలైంది. కింద నుంచి వచ్చిన ఆ అలవాటే తర్వాత దేశమంతా పాకింది.

ఓ రోజును అధికారికం చేయాలంటే ఏం కావాలి?

చాలా మందికి ఇక్కడే అనుమానం వస్తుంది. ఒక దినోత్సవం పెట్టాలంటే పార్లమెంటులో చట్టం చేయాలా? అక్కర్లేదు.

- కేంద్రం అయితే సంబంధిత మంత్రిత్వ శాఖ గెజిట్ నోటిఫికేషన్ ఇస్తే చాలు. రాజ్యాంగ దినోత్సవం అలాగే వచ్చింది.
- రాష్ట్రం అయితే జీవో ఇస్తుంది. ఆ జీవోలో ఏ శాఖ ఏం చేయాలి, కలెక్టర్లు ఏ కార్యక్రమాలు పెట్టాలి అన్నది ఉంటుంది.
- సెలవు ఇవ్వాలంటే కథ వేరు. బ్యాంకులకు కూడా వర్తించే సెలవును నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 25 కింద విడిగా నోటిఫై చేయాలి. నవంబర్ 26కి అది చేయలేదు. అందుకే ఆ రోజు బడులు, ఆఫీసులు, కోర్టులు మామూలుగానే పనిచేస్తాయి. అది ఆదివారం వస్తే తప్ప.

నోటిఫికేషన్ వల్ల పౌరుడికి కొత్త హక్కు ఏదీ రాదు. కొత్త బాధ్యత కూడా పడదు. ప్రభుత్వ శాఖలు ఆ రోజును జరపాలి, అంతవరకే. మరి దాని బలమంతా ఎక్కడుంది? దేశంలోని పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లంతా ఏడాదికి ఒకసారి ఒకే గదిలో కూర్చుని, జనం వినేలా, న్యాయం గురించి మాట్లాడాల్సి రావడంలో ఉంది. 2022లో పనికొచ్చింది అదే.

2022: ఆ ప్రసంగం తర్వాత ఏం జరిగింది?

2022 నవంబర్ 26. సుప్రీంకోర్టు నిర్వహించిన రాజ్యాంగ దినోత్సవ కార్యక్రమానికి రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము వచ్చారు. రాసుకొచ్చిన ప్రసంగం పక్కనపెట్టి హిందీలో మాట్లాడారు. జైళ్లలో ఉన్నవాళ్లు ఎవరని అడిగారు. చిన్న చిన్న తగాదాల్లో ఇరుక్కుని ఏళ్ల తరబడి లోపలే ఉన్న పేదల గురించి చెప్పారు. వాళ్లకు ప్రాథమిక హక్కులూ తెలియవు, రాజ్యాంగ పీఠికా తెలియదు. వాళ్లను విడిపించాలంటే ఇల్లూ వాకిలీ, గిన్నెలూ అమ్ముకోవాల్సి వస్తుందన్న భయంతో ఇంట్లోవాళ్లు కూడా ముందుకు రారని అన్నారు. జైళ్లు పెంచడం కాదు, తగ్గించే దారి చూడాలని న్యాయమూర్తుల ముందే చెప్పారు.

ఆవిడ చెప్పిన దానికి లెక్కలు కూడా ఉన్నాయి. ఎన్‌సీఆర్‌బీ జైలు గణాంకాల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. 100 మంది ఉండాల్సిన చోట సగటున 131 మంది ఉన్నారు.

మూడు రోజుల తర్వాత, నవంబర్ 29న, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, జస్టిస్ అభయ్ ఎస్ ఓకా బెంచ్ ముందుకు బెయిల్ విధానానికి సంబంధించిన కేసు వచ్చింది. రాష్ట్రపతి మాటలను కోర్టు అక్కడ ప్రస్తావించింది. బెయిల్ వచ్చినా షరతులు తీర్చలేక లోపలే ఉన్నవాళ్ల వివరాలు 15 రోజుల్లో ఇవ్వాలని జైళ్ల అధికారులను ఆదేశించింది.

లెక్క తీస్తే అలాంటివాళ్లు దాదాపు 5,000 మంది ఉన్నట్టు తేలింది. వాళ్లలో 2,357 మందికి న్యాయ సేవాధికార సంస్థలు సహాయం అందించాయి. 1,417 మంది బయటికొచ్చారు.

ఆలోచించండి. వీళ్లకు జడ్జి బెయిల్ ఇచ్చేశారు. కాగితం మీద స్వేచ్ఛ ఉంది. జామీను ఇచ్చే మనిషి లేక, బాండ్‌కు డబ్బు లేక, కొందరికైతే బెయిల్ వచ్చిన సంగతే తెలియక లోపల ఉండిపోయారు.

2023 ఉత్తర్వులు: ఇవి తెలిసుంటే మీకే మంచిది

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇదే కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఈ పరిస్థితిలో ఉంటే ఇవి బాగా పనికొస్తాయి.

- బెయిల్ ఇచ్చిన కోర్టు ఆ ఉత్తర్వు కాపీని అదే రోజు లేదా మర్నాడు జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి ఈమెయిల్‌లో పంపాలి.
- బెయిల్ వచ్చిన 7 రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే, సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. ఆ సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరో, లాయరో వెళ్లి ఖైదీతో మాట్లాడాలి.
- ఖైదీ ఆర్థిక పరిస్థితి మీద రిపోర్టు తయారుచేసి, షరతులు సడలించమని కోర్టును అడగొచ్చు.
- బయటికొచ్చాక జామీను చూపిస్తానని ఖైదీ అడిగితే, తగిన కేసుల్లో కొంతకాలానికి తాత్కాలిక బెయిల్ ఇచ్చే విషయం కోర్టు పరిశీలించొచ్చు.
- నెల రోజుల్లో బాండ్లు ఇవ్వలేకపోతే, ఎవరూ అడగకపోయినా కోర్టే కేసును మళ్లీ తీసుకుని షరతులు మార్చాలా అన్నది చూడొచ్చు.
- లోకల్ జామీనే కావాలని పట్టుబట్టడం వల్ల విడుదల ఆలస్యమవుతోంది. అలాంటి కేసుల్లో ఆ షరతు పెట్టకుండా ఉండొచ్చు.

చివరి పాయింట్ మనవాళ్లకు చాలా ముఖ్యం. పని కోసం వేరే రాష్ట్రానికి వెళ్లి అక్కడ కేసులో ఇరుక్కుంటే, ఆ ఊళ్లో జామీను నిలబడేవాళ్లు ఎవరుంటారు? వలస కూలీలకు ఇదే పెద్ద గండం.

2024: గడువుగా మారిన నవంబర్ 26

2024 జులై 1 నుంచి సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్ వచ్చింది. అందులో సెక్షన్ 479 విచారణ ఖైదీలకు సంబంధించింది.

సింపుల్‌గా చెప్పాలంటే.. మొదటిసారి కేసులో పడ్డ వ్యక్తి, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపేస్తే బాండ్ మీద విడుదల చేయాలి. మిగతావాళ్లకు ఇది సగం కాలం. ఉదాహరణకు గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు అయితే, మొదటిసారి కేసు అయినవాళ్లకు ఏడాది నిండితే ఈ సెక్షన్ వర్తిస్తుంది. ఉరిశిక్ష, జీవిత ఖైదు పడే నేరాలకు వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులు నడుస్తున్నా వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే.

పాత చట్టం ఉన్నప్పుడు నమోదైన కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టు 23న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఏడాది రాజ్యాంగ దినోత్సవానికి ముందు కేంద్ర హోం మంత్రి అమిత్ షా మాట్లాడుతూ, శిక్షలో మూడో వంతు పూర్తయినవాళ్లు నవంబర్ 26 తర్వాత జైల్లో ఉండకుండా చూస్తామన్నారు.

ఇక్కడ గమనించాల్సింది ఆ తేదీ. ఎప్పుడో చేస్తాం అనడం వేరు, ఫలానా రోజులోపు చేస్తాం అనడం వేరు. తేదీ పెడితే మర్నాడు లెక్క అడగొచ్చు. ఓ అధికారిక దినోత్సవాన్ని ఇలా గడువుగా వాడుకోవడం, మిగతా కార్యక్రమాలన్నింటికంటే పనికొచ్చే పద్ధతి.

నవంబర్ 9: ఎక్కువ మందికి తెలియని రోజు

న్యాయ వ్యవస్థ పేరుతో నవంబర్‌లోనే ఇంకో రోజుంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో పాసైనా, అమల్లోకి వచ్చింది మాత్రం 1995 నవంబర్ 9న. అందుకే ఆ తేదీని జాతీయ న్యాయ సేవల దినోత్సవంగా జరుపుతారు. ఈ చట్టానికి మూలం ఆర్టికల్ 39ఏ. డబ్బు లేదనో, ఇంకో ఇబ్బంది వల్లనో ఎవరికీ న్యాయం దూరం కాకూడదని అది చెబుతుంది. 1976 నాటి 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చింది.

ఉచిత లాయర్ ఎవరికి దొరుకుతారు? చట్టంలోని సెక్షన్ 12 ప్రకారం..

- మహిళలు, పిల్లలు
- ఎస్సీ, ఎస్టీలు
- దివ్యాంగులు
- మనుషుల అక్రమ రవాణాకు, వెట్టిచాకిరీకి బలైనవాళ్లు
- వరద, కరువు, భూకంపం, కులపరమైన దాడులు, పారిశ్రామిక ప్రమాదాల బాధితులు
- పరిశ్రమల్లో పనిచేసే కార్మికులు
- కస్టడీలో ఉన్నవాళ్లు
- ప్రభుత్వం నిర్ణయించిన పరిమితి కంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు

ఇందులో చాలా మందికి తెలియని సంగతి ఒకటుంది. ఆదాయ పరిమితి చివరి వర్గానికే. మహిళ అయితే, ఎస్సీ ఎస్టీ అయితే, కస్టడీలో ఉంటే.. ఆదాయం ఎంతున్నా హక్కు ఉన్నట్టే. గృహహింస కేసు పెట్టాలనుకునే ఉద్యోగినికీ ఇది వర్తిస్తుంది.

లాయర్ ఫీజు మాత్రమే కాదు. కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, సర్టిఫైడ్ కాపీలు, పత్రాల అనువాదం ఖర్చులు కూడా ఇందులోకి వస్తాయి. సివిల్ కేసులకూ, క్రిమినల్ కేసులకూ ఉంటుంది.

ఎలా అడగాలి?

- టోల్ ఫ్రీ నంబర్ 15100కి ఫోన్ చేయండి.
- లేదంటే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి. చిన్న ఊళ్లవాళ్లు దగ్గర్లోని కోర్టులో ఉండే మండల న్యాయ సేవా కమిటీని అడగొచ్చు.
- తెల్ల కాగితం మీద తెలుగులో మీ సమస్య రాసి ఇచ్చినా తీసుకుంటారు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, అక్కడి సిబ్బంది గానీ వాలంటీర్లు గానీ రాసిపెడతారు.
- ఇంట్లోవాళ్లు జైల్లో ఉంటే, జైలు లోపల ఉండే లీగల్ ఎయిడ్ క్లినిక్ ద్వారా కూడా అడగొచ్చు.

క్యాలెండర్‌లో ఇలాంటివి ఇంకేమున్నాయి?

- డిసెంబర్ 3: అడ్వకేట్స్ డే. తొలి రాష్ట్రపతి, స్వయంగా లాయర్ అయిన రాజేంద్ర ప్రసాద్ పుట్టినరోజు.
- డిసెంబర్ 10: మానవ హక్కుల దినోత్సవం. 1948లో ఇదే రోజు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది.
- జులై 17: అంతర్జాతీయ న్యాయ దినోత్సవం. 1998లో ఈ తేదీన రోమ్ ఒప్పందం కుదిరింది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు దాని నుంచే పుట్టింది.

జనం ఎక్కువగా అడిగే ప్రశ్నలు

పీఠిక చదవకపోతే తప్పా?
ప్రభుత్వ ఆఫీసులకు, విద్యాసంస్థలకు చదవమని సర్క్యులర్లు వస్తాయి. మామూలు పౌరుడు చదవకపోతే శిక్ష వేసే చట్టం ఏదీ లేదు.

రాజ్యాంగం తెలుగులో దొరుకుతుందా?
దొరుకుతుంది. 2025 నవంబర్ 26న తెలుగు సహా 9 భాషల్లో రాజ్యాంగం డిజిటల్ ప్రతులను రాష్ట్రపతి విడుదల చేశారు.

లోక్ అదాలత్‌లో తేలిన కేసు మీద అప్పీల్ చేయొచ్చా?
కుదరదు. ఇద్దరూ ఒప్పుకున్నాకే అక్కడ అవార్డు ఇస్తారు. దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. కాబట్టి సంతకం పెట్టే ముందే అన్నీ చదివించుకోండి. కోర్టులో ఉన్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

బెయిల్ వచ్చింది, జామీనుకు ఎవరూ లేరు. ఏం చేయాలి?
ముందు 15100కి గానీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గానీ చెప్పండి. కేసు నంబర్, బెయిల్ ఇచ్చిన తేదీ, జైలు పేరు చేతిలో ఉంచుకోండి. 2023 జనవరి 31 నాటి సుప్రీంకోర్టు మార్గదర్శకాల సంగతి ప్రస్తావించండి.

చివరిగా..

ఈసారి నవంబర్ 26న మీ బడిలోనో, ఆఫీసులోనో పీఠిక చదివించినప్పుడు అందులో మొదటగా వచ్చే హామీ ఏంటో గమనించండి. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్నీ దాని తర్వాతే. మొదటిది న్యాయం. ఆ హామీని అడిగి తీసుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలో పక్కనున్నవాళ్లకు చెప్పండి. 15100 నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. కోర్టు మెట్లెక్కాలంటే భయపడే మీ ఊరివాళ్లకు ఆ రోజు మీరు చేయగలిగే మేలు అదే.